నాలుగేళ్లుగా చెవుల్లో పెట్టుకుంటున్న స్పాంజి ప్లగ్గుల గురించి

బెజవాడ ఆటోనగర్‌లో మాది లారీ బాడీలు కట్టే షెడ్డు. టింకరింగ్ పనిలోకి దిగి నాకు 22 ఏళ్లు. టీవీ సౌండు దగ్గర ఇంట్లో రోజూ గొడవవుతుంటే సూర్యారావుపేటలో చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. పరీక్ష కాగితం మీద నా వినికిడి గీత, కీచు శబ్దాలుండే 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయింది. లోపలి చెవిలో సన్నటి నూగు ఉన్న కణాలుంటాయి, పెద్ద మోతకి అవి చస్తే మళ్లీ మొలవవు, ఉన్నవాటిని కాపాడుకోమన్నారు. మా అమ్మాయి ఫోన్లో మాట్లాడితే ఇప్పటికీ స, శ అక్షరాలు నాకు సరిగా అందవు.

మొదట ఇయర్ మఫ్, అంటే రెండు చెవుల్నీ గిన్నెల్లా కప్పేది, కొన్నాను. చలికాలం బాగానే గడిచింది. ఏప్రిల్ వచ్చేసరికి కుషన్లలో చెమట కారి, పది నిమిషాలకోసారి తీసి తుడుచుకోవడమే పనైపోయింది. పైగా కళ్లజోడు కాడ దగ్గర సందు పడి గ్రైండర్ కీచు అందులోంచే దూరేది. ఏడాది తిరిగేలోపు కుషన్లు గట్టిపడి పగిలాయి. రెండు నిమిషాల కోతపనికైతే మఫ్ హాయి. రోజంతా మన ఎండల్లో కుదరదు.

తర్వాత స్పాంజి ప్లగ్గులకు మారాను. మొదటి ఆరు నెలలూ వాటిని తప్పుగానే పెట్టుకున్నాను, సగం బయటే ఉండేది. దాన్ని దీపపు వత్తిలా సన్నగా నలపాలి. రెండో చెయ్యి తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి తోయాలి. ముప్పై లెక్కపెట్టేదాకా వేలు తియ్యకూడదు. సరిగ్గా కూర్చుంటే మన గొంతు మనకే కుండలోంచి వచ్చినట్టుంటుంది. చేతులు మాత్రం ముందు కడుక్కోవాలి. గ్రీజు చేత్తో నలిపి పెట్టుకుని మా కుర్రాడొకడు చెవిలో చీము తెచ్చుకున్నాడు.

ప్యాకెట్ మీద మోతని 29 డెసిబెల్స్ (మోత కొలిచే లెక్క) తగ్గిస్తుందని ఉంటుంది. అంతా నమ్మకండి. అమెరికాలో కార్మిక భద్రత చూసే ఓషా లెక్క ప్రకారం అందులోంచి 7 తీసేసి, మిగిలింది సగం చెయ్యాలి. అంటే 11. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటల పనికి మోత హద్దు 90 డెసిబెల్స్. రేకు మీద గ్రైండర్ పెడితే మా ఫోన్ మీటర్ 100 దాటి చూపించింది. ప్లగ్గు పెట్టుకున్నా 89 పైమాటే, అది కూడా ఎనిమిది గంటలూ తియ్యకుండా ఉంటే. మాటకోసారి తీసి జేబులో వేసుకుంటే పెట్టుకున్న ఫలితం చాలావరకు పోతుంది. అందుకే షెడ్డులో చేతి సైగలు పెట్టుకున్నాం: పిడికిలి చూపిస్తే ఆపు, అరచెయ్యి ఊపితే దగ్గరికి రా. ప్లగ్గు మీద మఫ్ కూడా పెట్టి చూశాను. రెండూ కలిపినా ఇంకో 5 డెసిబెల్స్‌కి మించి కలిసిరాదు.

నాకు అసలు తేడా తెలిసింది మాత్రం మోత పుట్టేచోటే తగ్గించినప్పుడు. కంప్రెసర్‌ని వెనక గోడ అవతలికి మార్చాం. పైపు కాస్త పొడుగైంది, అంతే. రేకు సాపు చేసేటప్పుడు కింద తడి ఇసుక మూట పెడుతున్నాం. ఠంగుమని షెడ్డంతా మోగే దెబ్బ ఇప్పుడు దబ్బుమని అక్కడే ఆగిపోతుంది. మూట పెట్టిన మొదటిరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరం మామూలు గొంతులో మాట్లాడుకున్నాం. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ లేదు. ముందు ఇసుక మూట వెయ్యండి, ఆ తర్వాతే ప్లగ్గులు కొనండి.

పోయిన ఏడాది మళ్లీ పరీక్ష చేయించుకుంటే గీత అంతకన్నా కిందికి దిగలేదు. రాత్రిళ్లు చెవుల్లో హోరు మాత్రం అలాగే ఉంది, ప్లగ్గులు దాన్నేమీ చెయ్యలేవు.

కొనేవాళ్లు తాడున్నవి తీసుకోండి. మెడలో వేలాడతాయి, కింద రేకు పొడిలో పడవు. డ్రిల్లింగ్ మిషన్, లేత్ దగ్గర పనిచేసేవాళ్లు మాత్రం తాడు లేనివే వాడాలి, తిరిగే ముక్కకి చుట్టుకుంటే ప్రమాదం.