అరితా టీ కప్పులు: ఏడేళ్లు రోజూ వాడాక

జపాన్‌లోని ఫుకుఓకాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2017 మే మొదట్లో అరితా వెళ్లాను. 17వ శతాబ్దం మొదట్లో పక్కనే ఇజుమియామా కొండలో పింగాణీకి పనికొచ్చే రాయి దొరికినప్పటి నుంచి ఆ ఊరికి అదే పని. ఏటా ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా వీధులన్నీ పింగాణీ సంతే. అక్కడ చేత్తో బొమ్మలేసిన కప్పులు రెండు కొన్నాను. తెలుపు మీద నీలం తీగలున్నది నాది, ఎర్ర పూలకు బంగారు అంచున్నది మా ఆవిడది.

నా కప్పు మీది డిజైన్ పేరు తాకో కరకుసా. ఆక్టోపస్ చేతుల్లా సుడులు తిరిగే తీగ. కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే కుంచె ఎక్కడ ఆనించారో, ఎక్కడ ఎత్తారో తెలుస్తుంది. ఆనిన చోట నీలం చిక్కగా, లేచిన చోట పల్చగా ఉంటుంది. తీగ చుట్టూ తిరిగొచ్చి మొదలును కలిసే చోట జాగా చాలక రెండు సుడులు ఇరుక్కున్నాయి. కప్పు మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన చోటు అదే.

ఈ నీలం కోబాల్ట్ రంగు. దీన్ని వేశాక పైన గ్లేజు పూసి దాదాపు 1300 డిగ్రీల్లో కాలుస్తారు. రంగు గాజు పొర కింద ఉండిపోతుంది కాబట్టి ఏడేళ్లు తోమినా కొన్ననాటిలాగే ఉంది. లోపల టీ మరక కూడా పట్టలేదు.

ఎరుపు, బంగారం అలా కాదు. అవి గ్లేజు మీద వేసి, మళ్లీ తక్కువ వేడిలో కాల్చేవి. వేలితో తడిమితే ఎరుపు కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది, ఎంత బాగుంటుందో! బంగారమే నిలవలేదు. తెలియక స్టీలు పీచుతో తోమేవాళ్లం, రెండేళ్లకే పెదవి ఆనే చోట చెరిగిపోయింది. ఒకసారి మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేచాయి. కొట్టువాళ్లు కొనేటప్పుడే ఒక మాట చెప్పి ఉండాల్సింది.

పిడి ఉండదు. 70, 80 డిగ్రీల నీళ్లు పోసి చేసే సెంచా అనే జపాన్ గ్రీన్ టీకి చక్కగా సరిపోతాయి కానీ, పొగలు కక్కే అల్లం టీ పోస్తే పట్టుకోలేం. మా అమ్మ వచ్చినప్పుడు పైటచెంగుతో పట్టుకుని తాగింది. మేం ముప్పావు వంతే పోసి, పై అంచు దగ్గర పట్టుకుంటాం.

రోజువారీ వాడకానికైతే నీలం కప్పే తీసుకోండి. ఎర్రదాన్ని ఇప్పుడు మెత్తటి స్పాంజితో విడిగా కడుగుతున్నాం. అడుగున ఒక్క పువ్వు చుట్టూ బంగారం ఇంకా ఉంది.