కరెంటు పోయి వస్తే తలకిందులయ్యే స్క్రీన్: సొంతంగా గీసుకున్న టచ్ రిమోట్, మూడేళ్ల వాడకం తర్వాత

ఎనిమిది అంగుళాల సెకండ్‌హ్యాండ్ ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌లో, ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ మీద, బటన్లన్నీ సొంతంగా గీసుకుని హోమ్ థియేటర్ రిమోట్‌గా వాడబట్టి మూడేళ్లయింది. ఇన్నాళ్ల తర్వాత కూడా దాని పేరు చెప్తే ముందు గుర్తొచ్చేది "భక్తి" బటనే. పెట్టిన రోజు అది "భకి" అని కనిపించింది. త వత్తు బటన్ అడుగు అంచు దగ్గర తెగిపోయింది.

ఎందుకంటే బటన్ కార్డుల్లో లైన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలను చూసుకుని పెట్టింది. వాటికి గీత కింద దిగేది తోక ఒక్కటే. మనకు వత్తు దిగుతుంది, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. లైన్ ఎత్తును 1.2 నుంచి 1.6కి పెంచి, అడుగున 6 పిక్సెళ్ల ఖాళీ వదిలితే సరిపోయింది. పరీక్షకు "రాష్ట్ర వార్తలు" అని రాసి చూడండి. ష్ట్ర తెగకుండా కనిపిస్తే ఇంక ఏ మాటైనా ఇముడుతుంది. ఇంకో జాగ్రత్త: బటన్ నొక్కితే నడిచే స్క్రిప్టులకు మొదటే తెలుగు పేరు పెడితే, లోపలి ఐడీ కోసం హోమ్ అసిస్టెంట్ ఆ అక్షరాలను ఇంగ్లీషులోకి మార్చి ఎవరికీ అర్థంకాని పొడి మాట ఒకటి తయారుచేస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఏది ఏమిటో మనకే తెలియదు. ముందు ఇంగ్లీషు పేరుతో తయారుచేసి, ఆ తర్వాత పైకి కనిపించే పేరు ఒక్కటీ తెలుగులోకి మార్చాలి.

ఇంత తిప్పలు పడ్డా ఈ ఏర్పాటు మీద నాకున్న ఇష్టమంతా ఆ తెలుగు పేజీ మీదే. దుకాణంలో దొరికే ఏ యూనివర్సల్ రిమోట్‌లోనూ "భక్తి", "వార్తలు", "పాత సినిమాలు", "ఆపు" అని పెద్దక్షరాల్లో ఆరంటే ఆరే బటన్లున్న పేజీ దొరకదు. ఫిలిప్స్ వాళ్ల ప్రాంటో రిమోట్ 1998లో వచ్చినప్పుడు ఈ పనికే పేరు తెచ్చుకుంది. ఇష్టమొచ్చినట్టు స్క్రీన్ గీసుకోవచ్చు అన్నదే దాని గొప్ప. ఆ రిమోట్లు ఇప్పుడు తయారవడం లేదు. లాజిటెక్ కూడా 2021 ఏప్రిల్‌లో హార్మొనీ రిమోట్ల తయారీ ఆపేసింది. ప్రాంటో పోయినా అది రిమోట్ సిగ్నళ్లను రాసుకునే హెక్స్ కోడ్ల భాష మాత్రం బతికే ఉంది. కోడ్ మొదట్లో రెండో పదం 006డి అని కనిపిస్తే అది 38 కిలోహెర్ట్జ్ సిగ్నల్ అని అర్థం. పాత కోడ్ల ఫైళ్లు దొరికితే పారేయకండి, సిగ్నల్ పంపే చిన్న బోర్డును నడిపే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్ వాటిని ఇప్పటికీ యథాతథంగా పంపుతుంది.

లేఅవుట్ దగ్గర అందరూ చేసే మొదటి తప్పే నేనూ చేశాను. అసలు రిమోట్ మీదున్న బటన్లన్నీ స్క్రీన్ మీదికి దించాను. డబ్బాకొక పేజీ: టీవీకొకటి, స్పీకర్లను నడిపే రిసీవర్‌కొకటి, సెట్‌టాప్ బాక్సుకొకటి, మీడియా ప్లేయర్‌కొకటి. అంటే నాలుగు రిమోట్లను ఒక అద్దం వెనక దాచినట్టయింది. నెల తర్వాత లాగ్‌బుక్ తీసి చూస్తే రోజూ వాడేవి పదకొండే. పేజీ డబ్బాకు కాదు, పనికి ఉండాలి. సినిమా పేజీలో సౌండ్ బటన్ రిసీవర్‌కు వెళ్తుంది, బాణాలు ప్లేయర్‌కు వెళ్తాయి. చేతిలో పట్టుకున్నవాళ్లకు ఆ తేడా తెలియనక్కర్లేదు.

కొలతల సంగతి. 1280×800 స్క్రీన్ ఎనిమిది అంగుళాల్లో ఉంటే అంగుళానికి దాదాపు 189 పిక్సెళ్లు. వేలికి కనీసం 9 మిల్లీమీటర్లు కావాలని ఆండ్రాయిడ్ వాళ్ల సలహా, అంటే 67 పిక్సెళ్లు. చీకట్లో, పడుకుని నొక్కే రిమోట్‌కు అది చాలదు. 15 మిల్లీమీటర్లకు, అంటే 112 పిక్సెళ్లకు పెంచాక తప్పు నొక్కుళ్లు ఆగాయి. ట్యాబ్లెట్‌ను నిలువుగా పట్టుకుంటే బొటనవేలికి బాగా అందేది కింది మూడో వంతు. సౌండ్, పాజ్ అక్కడే ఉండాలి, ప్రతి పేజీలోనూ సరిగ్గా అదే చోట ఉండాలి. "ఆపు" పైమూలన. వెనక రంగు పూర్తి నలుపు, అక్షరాలు తెలుపు కాదు, బూడిద రంగు. ఎల్‌సీడీ నలుపు నిజమైన నలుపు కాదు కాబట్టి రాత్రి తొమ్మిది తర్వాత బ్రైట్‌నెస్ ఐదు శాతానికి దిగేలా పెట్టుకోవాలి.

మొదటి ఏడాది అయితే దీన్ని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాణ్ని. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తున్నాను. గాజు మీద బటన్ తడిమితే దొరకదు. సినిమా మధ్యలో సౌండ్ తగ్గించాలంటే కిందికి చూడక తప్పదు. దీనికి నాకు దొరికిన మందు, అల్మరా తలుపులకు అంటించే పారదర్శకమైన సిలికాన్ బొట్లు. సౌండ్ వరసకు ఎదురుగా ట్యాబ్లెట్ అంచు మీద ఒకటి అంటిస్తే, వేలు దాన్ని తాకి పక్కకు జరిగితే బటన్ మీదే ఉంటుంది. సౌండ్ చోటు మార్చకూడదన్నది ఇందుకే. ఇంకొకటి, నొక్కి పట్టుకుంటే సౌండ్ పెరుగుతూ పోయే ఏర్పాటు వైఫై మీద పెట్టకండి. వేలు తీసిన సంగతి మోసుకెళ్లే కబురు దారిలో ఆలస్యమైతే సౌండ్ పెరుగుతూనే ఉంటుంది. ఒక నొక్కుకు 2 డెసిబెల్స్, అంతే.

ఇక అసలు గొడవ. టీవీ, రిసీవర్ నెట్‌వర్క్ మీద మాట్లాడతాయి. ఆన్‌లో ఉన్నారా అని అడిగితే నిజం చెప్తాయి. సెట్‌టాప్ బాక్సు చెప్పదు. దానికి ఐఆర్, అంటే మామూలు రిమోట్ పంపే కంటికి కనిపించని వెలుగు, ఒక్కటే దారి. అందులోనూ ఆన్‌కు ఒక కోడ్, ఆఫ్‌కు ఒక కోడ్ లేవు. ఒకే పవర్ కోడ్: వెలుగుతుంటే ఆరుతుంది, ఆరి ఉంటే వెలుగుతుంది. కాబట్టి స్క్రీన్ మీద కనిపించే "బాక్సు ఆన్" అన్నది నిజం కాదు, మనం చివర పంపిన కోడ్‌ను బట్టి వేసుకున్న లెక్క.

మొదటి ఏడు నెలలు ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ తర్వాత మే నెల గాలివానలు మొదలయ్యాయి. "భక్తి" నొక్కితే టీవీ వస్తుంది, రిసీవర్ వస్తుంది, తెర మీద సిగ్నల్ లేదని వస్తుంది. మళ్లీ నొక్కితే అదే. "ఆపు" నొక్కి మళ్లీ "భక్తి" నొక్కినా అదే. పది నొక్కుళ్లలో ఒక్కటైనా పొరపాటున కుదరాలి కదా, కుదరదు.

మొదట అనుమానం ఐఆర్ ఎల్ఈడీ మీదికి పోయింది. ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూస్తే ఊదారంగులో వెలుగుతూనే ఉంది. అయినా కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్త 940 నానోమీటర్ ఎల్ఈడీలు తెచ్చి మార్చాను. సర్క్యూట్ ఇది: 2ఎన్2222 ట్రాన్సిస్టర్, బేస్‌కు 470 ఓమ్, 5 వోల్టుల నుంచి ఎల్ఈడీకి 33 ఓమ్, అంటే దాదాపు 100 మిల్లీయాంప్. ఎల్ఈడీ మొహం తిప్పి చూశాను, వెలుగు గోడకు తగిలి తిరిగొచ్చేలా పెట్టి చూశాను. అక్కడ ఏ తప్పూ లేదు, నా వారం పోయింది.

తప్పు ఎక్కడుందంటే, మంచికని చేసిన మార్పులో. మొదట్లో హోమ్ అసిస్టెంట్ నడిచే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై, టీవీ, బాక్సు అన్నీ ఒకే స్పైక్ బస్టర్ మీద ఉండేవి. కరెంటు పోతే అన్నీ పోయేవి, వస్తే అన్నీ వచ్చేవి. రాస్ప్‌బెర్రీ పై లేవగానే దానంతటదే నడిచే ఆటోమేషన్ ఒకటి "బాక్సు ఆన్" అని రాసుకునేది, ఎందుకంటే ఈ బాక్సు కరెంటు రాగానే దానంతటదే వెలుగుతుంది. తర్వాత మాటిమాటికీ ఆగిపోకూడదని రాస్ప్‌బెర్రీ పైనీ రౌటర్నీ ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చాను. అప్పట్నించి కరెంటు పోయిన సంగతే రాస్ప్‌బెర్రీ పైకి తెలియదు. రాత్రి "ఆపు" నొక్కాం, లెక్కలో బాక్సు ఆఫ్. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కరెంటు పోయి వచ్చింది, బాక్సు తనంతట తాను లేచి కూర్చుంది. సాయంత్రం "భక్తి" నొక్కితే, ఆఫ్‌లో ఉందనుకుని పవర్ కోడ్ పంపింది, బాక్సు పడుకుంది, లెక్క "ఆన్" అయింది. మళ్లీ నొక్కితే ఆన్‌లోనే ఉందిగా అని ఛానల్ నంబరు మాత్రమే పంపింది, పడుకున్న బాక్సుకు. "ఆపు" నొక్కితే బాక్సు లేచింది, లెక్క "ఆఫ్" అయింది. ఒకసారి తలకిందులైతే ఎన్నిసార్లు నొక్కినా ప్రతిసారీ కచ్చితంగా తలకిందులే. అందుకే పదిలో ఒక్కటీ కుదరలేదు.

వాట్లు కొలిచే స్మార్ట్ ప్లగ్ పెట్టి బాక్సు స్థితి పట్టుకుందామనుకున్నాను. స్టాండ్‌బైలో 8 వాట్లు, ఆన్‌లో 9. ఒక వాటు తేడాను నమ్మి ఆటోమేషన్ రాయలేం. తర్వాత ఇంకాస్త తెలివికి పోయాను. ఐఆర్ పంపే ఈఎస్‌పీ32 బోర్డు మామూలు లైన్ మీదే ఉంది కదా, అది ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెప్పే అప్‌టైమ్ సెన్సర్ పెట్టి, ఆ అంకె హఠాత్తుగా తగ్గితే కరెంటు పోయి వచ్చిందని లెక్క సరిచేసేలా రాశాను. రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు రాస్ప్‌బెర్రీ పైలో మెమరీ కార్డు మార్చడానికి అరగంట ఆపితే మళ్లీ తలకిందులు. ఈఎస్‌పీహోమ్‌లో ఏపీఐ రీబూట్ టైమౌట్ మామూలుగా 15 నిమిషాలు. అంతసేపు ఎవరూ పలకరించకపోతే బోర్డు తనను తానే రీస్టార్ట్ చేసుకుంటుంది. కరెంటు పోకుండానే అప్‌టైమ్ సున్నా అయింది. దాన్ని 0 సెకన్లకు మారిస్తే ఆగుతుంది. కానీ ఒక అబద్ధాన్ని కాయడానికి ఇన్ని కాపలాలా అనిపించింది.

చివరికి చేసింది మొద్దు పని. బాక్సును ఎప్పటికీ ఆన్‌లోనే ఉంచి, అన్ని స్క్రిప్టుల్లోంచీ పవర్ కోడ్ తీసేశాను. ఆ ఒక్క వాటు తేడా నెలంతా కలిపినా 0.72 యూనిట్, అంటే యూనిట్ కూడా కాదు. స్టాండ్‌బైలో పెట్టి పొదుపు చేస్తున్నానని ఇన్నాళ్లూ భ్రమ. బాక్సు మెనూలో ఆటో స్టాండ్‌బై ఉంటే ఆపేయాలి, లేకపోతే కొన్ని గంటలకు మళ్లీ నిద్రపోతుంది. పనికిరాదనుకున్న స్మార్ట్ ప్లగ్ ఇక్కడ పనికొచ్చింది. "బాక్సు లేపు" అని చిన్న బటన్ పెట్టాను. అది ప్లగ్‌ను పది సెకన్లు ఆపి మళ్లీ వేస్తుంది. బాక్సు లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది గానీ కచ్చితంగా లేస్తుంది. నెలకోసారి కూడా దాని అవసరం రావడం లేదు.

కోడ్లు నేర్పేటప్పుడు రెండు విషయాలు. రిమోట్ సిగ్నల్‌ను పట్టే రిసీవర్ ఐసీ అడిగితే షాపుల్లో టీఎస్‌ఓపీ 1738 చేతిలో పెడతారు. దానికి 5 వోల్టులు కావాలి, ఈఎస్‌పీ పిన్ 3.3 దాటకూడదు. టీఎస్‌ఓపీ 38238 అడిగి తీసుకోండి, 3.3కే పనిచేస్తుంది. రెండోది, మీ బాక్సు ఆర్‌సీ5 రకం కోడ్ వాడేదైతే ఛానల్ 112 నొక్కితే 12 వెళ్తుంది. ఆ రకంలో ప్రతి కొత్త నొక్కుకూ ఒక బిట్ మారాలి. నేర్పిన కోడ్‌నే రెండుసార్లు పంపితే బాక్సు దాన్ని ఒకే పొడుగు నొక్కుగా తీసుకుంటుంది. ఒక్కో అంకెను రెండుసార్లు విడివిడిగా నేర్పి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి పంపితే తీరుతుంది.

ట్యాబ్లెట్‌ను ఎప్పుడూ ఛార్జర్‌కే వదిలేస్తే మే ఎండలకు బ్యాటరీ ఉబ్బుతుంది. 30 శాతానికి ఛార్జర్ వేసి 80కి ఆపే ఆటోమేషన్ మొదటి రోజే రాసుకోండి.

తీసుకోవచ్చా అంటే, టీవీ, సౌండ్‌బార్ మాత్రమే ఉన్న ఇంటికి ఇది వద్దు, టీవీ రిమోటే రెంటినీ నడుపుతుంది. వైఫై ఒక మూల తగ్గే ఇంట్లో, ఏదైనా ఆగితే విప్పి చూసే మనిషి లేని ఇంట్లో అసలే వద్దు. మా దగ్గర నాలుగు డబ్బాలు అల్మరా తలుపు వెనక ఉన్నాయి, ఇంట్లో ఒకరు తెలుగు తప్ప ఇంకోటి చదవరు. ఈ రెండూ ఉన్నాయి కాబట్టి మళ్లీ చేయమన్నా చేస్తాను. సెట్‌టాప్ బాక్సు అసలు రిమోట్ మాత్రం, ప్లాస్టిక్ కవరు తియ్యకుండా, సెల్స్‌తో సహా టీవీ పక్క మేకుకు వేలాడుతూనే ఉంది.