సీ కోడ్ మధ్యలో అసెంబ్లీ డేటా: ఐదేళ్లు వాడాక

విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రానిక్ కాటాల బోర్డులు చేస్తుంటాం. చిప్ కార్టెక్స్ ఎం0, కంపైలర్ జీసీసీ. ఐదేళ్లుగా అంకెల పట్టికలన్నీ సీ కోడ్ మధ్యలోనే ఇన్‌లైన్ అసెంబ్లీలో (సీ లోపల కోట్స్ మధ్య రాసే చిప్ సొంత భాష) డాట్ బైట్ (ఒక్క బైటు), డాట్ వర్డ్ (ఈ చిప్‌లో 4 బైట్లు) అని రాసుకుంటూ వచ్చాను. పట్టిక, దాన్ని వాడే కోడ్ ఒకేచోట కళ్లెదుట ఉంటాయి. ఆ సుఖం నాకు చాలా ఇష్టం.

దెబ్బ పోయిన మిర్చి సీజన్‌లో తగిలింది. సెవెన్ సెగ్మెంట్ (ఏడు గీతలతో అంకె చూపే డిస్‌ప్లే) పట్టికలో 0 నుంచి 9 దాకా అంకెలు, మైనస్, ఖాళీ గడి: 12 బైట్లు. దాని కిందే 30 కిలోలు దాటితే వాడే కాలిబ్రేషన్ (తూకం సరిచేసే) విలువ, డాట్ వర్డ్‌గా. నాలుగేళ్లు ఏ గొడవా లేదు. ఓవర్‌లోడ్ అయితే ఇంగ్లిష్ 'ఈ' అక్షరం చూపించాలని పట్టిక చివర హెక్స్ 79 చేర్చాను. షెడ్డులో 5 కిలోల రాయి పెట్టి చూస్తే బాగానే ఉంది. గుంటూరులో ఒక కొట్లో 30 కిలోలు దాటే మిర్చి టిక్కీ (బస్తా) ఎక్కించగానే కాటా బిగుసుకుపోయింది. రైతు ఎండలో నిలబడి ఉన్నాడు, నాకు తల కొట్టేసినట్టయింది.

పట్టిక 13 బైట్లయ్యేసరికి కింది వర్డ్ నాలుగుతో తెగని అడ్రసులో పడింది. ఎం0 అక్కణ్నుంచి వర్డ్ చదవలేదు, నేరుగా హార్డ్ ఫాల్ట్, అంటే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. కోట్స్ లోపల ఏముందో కంపైలర్ చూడదు, అసెంబ్లర్ (అసెంబ్లీని చిప్ కోడ్‌గా మార్చేది) తనంతట తాను అడ్రసు సర్దదు. ఒక్క వార్నింగ్ కూడా రాలేదు. మధ్యలో డాట్ బీఅలైన్ 4 (తర్వాతిది నాలుగుతో తెగే అడ్రసులో పెట్టమని) పెడితే సరిపోయింది. ఉత్త డాట్ అలైన్‌ని నమ్మకండి: 'అలైన్ 4' అంటే ఆర్మ్‌లో 16 బైట్లు, లినక్స్ పీసీలో 4. డాట్ వర్డ్ కూడా అంతే, ఆర్మ్‌లో 4 బైట్లు, పీసీలో 2.

లేబుళ్లదొక తలనొప్పి, అంటే అసెంబ్లీలో అడ్రసులకు పెట్టే పేర్లది. ఓ2 (కోడ్‌ని వేగంగా చేసే కంపైలర్ ఆప్షన్) పెట్టగానే ఫంక్షన్ రెండుచోట్ల ఇన్‌లైనై (కాపీ అయి), లేబుల్ ఇప్పటికే ఉందని ఎర్రర్ వస్తుంది. పేరు చివర %= తగిలిస్తే ప్రతి కాపీకీ వేరే నంబరు పడుతుంది. డాట్ పుష్‌సెక్షన్‌తో డేటాని రోడేటాలోకి (చదవడానికి మాత్రమే ఉండే డేటా భాగం) పంపడం మరిస్తే ప్రాసెసర్ ఆ బైట్లనే ఇన్‌స్ట్రక్షన్లనుకుని నడిపేస్తుంది.

ఇప్పుడు చిన్న పట్టికలన్నీ సీలో స్టాటిక్ కాన్‌స్ట్‌గా (మారని డేటాగా) రాసి, అడ్రసు మాత్రం ఆపరాండ్‌గా అసెంబ్లీకి ఇస్తున్నాను. తెలుగు అక్షరాల ఫాంట్ ఫైలుకి మాత్రం ఫంక్షన్ బయట డాట్ ఇన్‌బిన్ (ఫైలుని ఉన్నదున్నట్టు చేర్చే ఆదేశం) వదల్లేదు. అయితే ఫాంట్ మార్చినా మేక్‌కి (మారిన ఫైళ్లని మళ్లీ కంపైల్ చేయించే టూల్) తెలియదు, పాత బొమ్మలే వస్తాయి. ఆ ఫైలు పేరు మేక్‌ఫైల్‌లో మీరే రాసుకోవాలి.