లేసిక్ తర్వాత పద్నాలుగేళ్లు: అద్దాలు పోయాయి, చుక్కల మందు మిగిలింది

నాకు కుడికంటికి మైనస్ 5.5, ఎడమకంటికి మైనస్ 6 ఉండేది. అద్దాలు ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికి కూడా అద్దాలు కావాలి. ఇరవై ఏడో ఏట లేసిక్, అంటే లేజర్‌తో చూపు సరిచేసే ఆపరేషన్, చేయించుకున్నాను. ఇప్పుడు నలభై ఒకటి.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మొద్దుబార్చే చుక్కలు వేశారు. కంటిమీద రింగు అదిమినప్పుడు కాసేపు చీకటి, ఆ తర్వాత వెంట్రుకలు కాలినట్టు వాసన. అరగంటలో రెండు కళ్లూ అయిపోయాయి. మర్నాడు పడుకున్నచోటు నుంచే గడియారంలో సెకన్ల ముల్లు కనిపించింది. ఆ రోజు అడిగి ఉంటే పదికి పది ఇచ్చేదాన్ని. అందుకే మొదటి నెలలో రాసిన సమీక్షలను ఇప్పుడు అంతగా నమ్మను.

అసలు సంగతి మూడో వారంలో మొదలైంది. పొద్దున రెప్ప తెరిస్తే లోపల ఇసుక పోసినట్టు ఉండేది. లేసిక్‌లో కార్నియా (కంటి ముందుండే పారదర్శక భాగం) మీద పొరను కోసి పైకి తీసేటప్పుడు అందులోని సన్నని నరాలూ తెగుతాయి. కన్నీరు ఊరించమని కబురు పంపేవి అవే. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు సర్దుకుంటుంది. నాకు తగ్గింది కానీ పోలేదు. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటే కళ్లు ముందు ఎండిపోతాయి, తర్వాత ధారగా కారతాయి. పొడిబారిన కన్నే అలా కారుతుందని చెబితే ఎవరూ నమ్మరు. నిల్వ రసాయనాలు లేని చుక్కల మందు సంచీలో లేకుండా గడప దాటను.

రాత్రిపూట ఎదురొచ్చే ప్రతి దీపం చుట్టూ ఒక వలయం. చీకట్లో కంటిపాప బాగా విచ్చుకుని, లేజర్ సరిచేసిన మేర దాటితే ఇలా జరగవచ్చట. నాది పెద్ద కంటిపాప. ముందే కొలిచారు, నేనే అడగలేదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ చేయించిన ప్రౌల్ అధ్యయనాల్లో, అంతకుముందు వలయాలు, మిరుమిట్లు, నీడ బొమ్మలు లాంటివేవీ లేనివారిలో 40 శాతానికి పైగా మూడు నెలలకు కనీసం ఒక కొత్త ఇబ్బంది చెప్పారు. చూపు విషయంలో తృప్తిగా ఉన్నామన్నవారు మాత్రం 95 శాతం పైనే. రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో నన్ను చూస్తే తెలుస్తుంది.

మా తమ్ముడికి కార్నియా పలచగా, వంపు తేడాగా ఉందని ఒక డాక్టర్ వద్దన్నారు. వాడు అలిగాడు. అలాంటి కంటికి చేస్తే కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బే ప్రమాదం ఉంది. దాన్ని ఎక్టేషియా అంటారు. ఆ డాక్టర్‌కు వాడు దండం పెట్టాలి.

ఆపరేషన్ అయిన తొమ్మిదో ఏట ఎడమకంటికి మైనస్ 0.75 తిరిగొచ్చింది. మళ్లీ లేజర్ చేస్తామన్నారు. ఉన్న పొడిదనం చాలనుకుని, రాత్రి బండి నడిపేటప్పుడు మాత్రం అద్దాలు పెట్టుకుంటున్నాను. ఈమధ్య మందు సీసా మీది అక్షరాలు చేయి చాచితే తప్ప కనిపించడం లేదు. చత్వారాన్ని లేసిక్ ఆపదు. మైనస్ ఎక్కువున్న పొడవాటి కంట్లో వెనక పొరకు, అంటే రెటీనాకు, ఉన్న ముప్పునూ తగ్గించదు. కార్నియా చెక్కినా కంటిగుడ్డు పొడవు మారదు కదా. కంటి ఒత్తిడి కొలిస్తే అసలుకన్నా తక్కువ చూపవచ్చు కాబట్టి కొత్త డాక్టర్ దగ్గర నోరు తెరవగానే లేసిక్ సంగతి చెబుతాను.

ఆపరేషన్‌కు ముందు తీసిన కొలతల కాగితాలు అడిగి తెచ్చుకోండి. రేపు శుక్లాలు వస్తే లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కకట్టడానికి అవి పనికొస్తాయి. నావి ఇంటి పత్రాల ఫైలులోనే ఉన్నాయి.