గద్వాల చీరలు అమ్మే పేజీ: వూకామర్స్, కొన్న థీమ్ రెండు దసరాలు వాడాక

మాది గద్వాల. చీరలు నేయించి అమ్ముతాం. సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ మీద, ఆర్డర్లు, చెల్లింపులు, స్టాక్ చూసుకునే వూకామర్స్ పెట్టి, పేజీ రూపాన్ని నిర్ణయించే థీమ్ ఒకటి డబ్బు కట్టి కొని వేసుకుని సైటు నడుపుతున్నాం. రెండు దసరాలు, పెళ్లిళ్ల సీజన్లు దీని మీదే గడిచాయి. వూకామర్స్ మంచిది, ఉచితం కూడా. థీమ్ చూడటానికి బాగుంది. కానీ థీమ్‌తో పాటు వచ్చిన అమ్మకపు మాటలు చీరలకు అస్సలు పనికిరావు, అవి తీసేశాకే పేజీ మాకు పనికొచ్చింది.

మొదట్లో పేజీ తెరిస్తే పైన పెద్ద బ్యానర్, అందులో అందం, రాజసం, వారసత్వం అని ఏ వస్తువుకైనా సరిపోయే నాలుగు మాటలు. దాని కింద ఆఫర్ అయిపోతోందని పరుగెత్తే గడియారం. పేజీ మూసి మళ్లీ తెరిస్తే ఆ గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది! పక్కనే ఇంతమంది ఈ చీర చూస్తున్నారని ఒక అంకె, అది ఎవరినీ లెక్కపెట్టి వేసింది కాదు. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ డార్క్ ప్యాటర్న్స్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతులు చెప్పారు, ఇలా లేని తొందర పుట్టించడం అందులో ఒకటి. అసలు రూల్ లేకపోయినా ఇది తీసేయాల్సిందే, ఎందుకంటే వేల రూపాయలు పెట్టి చీర కొనేవాళ్లు గడియారం చూసి కొనరు. ఫొటో అక్కకు పంపుతారు, అత్తమ్మకు చూపిస్తారు, రాత్రి ఇంకోసారి చూసుకుని పొద్దున ఫోన్ చేస్తారు.

ఆ ఫోన్లలో అడిగేవే పేజీ మీద ఉండాలి. "అన్నా, నడుమ కాటన్ అంటున్నరు, అంచు పట్టు అంటున్నరు, రెండూ కుట్టి అతికిస్తరా?" ఇది కొత్తవాళ్లు దాదాపు అందరూ అడిగేది. బ్లౌజ్ పీస్ అందులోనే ఉంటదా, ఎండాకాలం కట్టుకోవచ్చా, ఇంట్లో ఉతకొచ్చా అన్నవి తర్వాత. ఇప్పుడు మా పేజీలో ఫొటో కింద మొదటి లైను ఇది: "నడుమ నూలు, అంచు, కొంగు పట్టు. ఒకే మగ్గం మీద దారాలు పెనవేసి కలిపి నేసింది, కుట్టి అతికించింది కాదు." ఆ వెంటనే పొడవు, బ్లౌజ్ ఎంత, తూకం వేసిన బరువు, ఎలా ఉతకాలి. విశేషణం ఒక్కటీ లేదు. ఇది మార్చిన తర్వాత ఫోన్లు ఆగలేదు, కానీ అడిగేవి మారాయి: ఈ రంగులో ఇంకోటి ఉందా, శుక్రవారంలోపు కర్నూలుకు అందుతదా అని అడుగుతున్నారు. అంటే కొనడానికి సిద్ధమయ్యాకే చేస్తున్నారన్నమాట.

ఫొటోల వరుస కూడా మార్చాం. థీమ్‌లో మోడల్ ఫొటోకే పెద్ద చోటు, మిగతావి బొటనవేలి గోరంత. మేము కొంగు విప్పి నీడపట్టున పగటి వెలుగులో తీసింది ముందు పెట్టాం, రెండోది చీర వెనక్కి తిప్పి అంచు కలిసే చోట దగ్గరగా తీసింది. నేత తెలిసినవాళ్లు ఆ రెండో ఫొటో మీదే ఆగుతారు. ఫోన్ కెమెరా ఫొటోలు అలాగే ఎక్కిస్తే ఊళ్లల్లో పేజీ తెరుచుకునేలోపు మనిషి వెళ్లిపోతాడు కాబట్టి సైజు తగ్గించి, ఫైలు తేలికగా ఉండే వెబ్‌పీ (WebP) ఫార్మాట్‌లోకి మార్చి పెట్టండి. పేజీ వేగం కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ లెక్కలో పేజీలోని పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టు.

డెలివరీ చార్జీ విషయంలో థీమ్ మీద నాకు నిజంగా కోపం వచ్చింది. చివరి పేజీ దాకా అది కనిపించదు, అడ్రస్ అంతా నింపాక మొత్తం పెరిగి కనిపిస్తే ఎవరికైనా మనసు విరుగుతుంది. ఇలా ధర దాచి చివర్లో కలపడం కూడా ఆ 13 రకాల్లో ఉంది. ఇప్పుడు ధర పక్కనే రాసి పెట్టాం. ఆర్డర్ ఫారంలో కంపెనీ పేరు, రెండో అడ్రస్ లైను తీసేశాం, అకౌంట్ తెరవకుండానే కొనేలా సెట్టింగ్ పెట్టాం. ఇవన్నీ వూకామర్స్‌లోనే ఉన్నాయి, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

చేనేతకు బాగా కలిసొచ్చింది స్టాక్ సెట్టింగ్. మా దగ్గర చాలా చీరలు ఒక్కో రంగులో ఒక్కటే ఉంటాయి. స్టాక్ ఒకటి అని పెడితే అమ్ముడుపోగానే ఆర్డర్ తీసుకోవడం ఆపేస్తుంది. అయితే ఒకరు యూపీఐ దగ్గర మధ్యలో వదిలేస్తే, ఆ చీర మామూలుగా 60 నిమిషాలు వాళ్ల పేరు మీదే ఆగిపోతుంది. పండుగ వారంలో దీనితో టెన్షన్, ఆ టైము తగ్గించుకోవడం మంచిది. "ఒక్కటే ఉంది" అన్న మాట మాత్రం మేము ఉంచాం, ఎందుకంటే అది నిజం.

ఇంకా తీరని ఇబ్బంది భాష. తెలుగు, ఇంగ్లిష్ రెండు పేజీలు కావాలంటే విడిగా ఇంకో ప్లగిన్ (సైటుకు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) కావాలి, మా థీమ్‌లో తెలుగు ఒత్తులు కొన్ని చోట్ల కింది లైనుకు తగులుతున్నాయి, లైన్ల మధ్య ఖాళీ పెంచితే కొంత నయమైంది. పది చీరలు పెట్టుకుని అమ్మేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, వాట్సాప్ కేటలాగ్ చాలు. స్టాక్ రోజూ మారే వాళ్లయితే వూకామర్స్ వేసుకోండి, థీమ్‌కు డబ్బు పెట్టే ముందు దాని డెమో పేజీని మామూలు ఫోన్‌లో తెరిచి, అందులో మీ చీర బరువు ఎక్కడ రాస్తారో చూసుకోండి.