‘డక్’ నుంచి ‘గర్ల్’ దాకా: ఇంగ్లండ్, ఐర్లండ్‌లలో మాకు దక్కిన పిలుపులు

మా అబ్బాయి చదివేది నాటింగ్‌హామ్‌లో కాబట్టి లండన్‌లో ఎక్కువ ఆగలేదు. అక్కడి రవాణాకు వంక పెట్టలేం. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు తాకిస్తే ట్యూబ్ (లండన్ మెట్రో) గేటు తెరుచుకుంటుంది. పలకరింపులు మాత్రం తక్కువ. ఒక టాక్సీ డ్రైవరు మా ఆయన్ని ‘మేట్’ అన్నాడు, అంతే.

నాటింగ్‌హామ్‌లో బస్సెక్కి టికెట్ అడిగితే డ్రైవరు నన్ను ‘డక్’ (బాతు) అన్నాడు. నా వెనక ఎక్కిన ఆరడుగుల కుర్రాణ్నీ అదే మాట! డెర్బీ, స్టోక్ వైపూ ఇదే పిలుపట. ఆడా మగా, చిన్నా పెద్దా తేడా లేదు. మన ఆర్టీసీ కండక్టరు ‘అమ్మా, ముందుకు జరగండి’ అన్నంత మాత్రాన ఆయనకు తల్లులమైపోతామా? ఇదీ అంతే. మా ఆయనకు అసలు టెన్షన్ షెఫీల్డ్‌లో వచ్చింది. నెరిసిన మీసాల టీకొట్టు పెద్దాయన చిల్లర చేతిలో పెడుతూ ఆయన్ని ‘లవ్’ అన్నాడు. అటు బ్రిస్టల్, డెవన్ వైపు వెళ్తే ఏకంగా ‘మై లవర్’ అంటారని మావాడు చెప్పాక ఆ ఊళ్ల ఊసే ఎత్తలేదీయన.

ఒక్క జాగ్రత్త. ఈ మాటలు అక్కడివాళ్ల నోటే బాగుంటాయి. ముక్కూమొహం తెలియని అమ్మాయిని మన మగవాళ్లు ‘లవ్’ అంటే అసహ్యంగా ఉంటుంది. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు ‘చీర్స్’ (అక్కడ థాంక్స్ అని) చెప్పండి, చాలు.

బసల్లో మొదటి మార్కు న్యూకాజిల్‌కే. మేం దిగింది ఒక ఇంటావిడ నడిపే చిన్న లాడ్జి. లిఫ్టు లేదు, గదేమో మూడో అంతస్తులో. ‘వదిలెయ్, పెట్’ (అక్కడి ముద్దు పిలుపు) అంటూ నా చేతిలోంచి సూట్‌కేసు లాక్కుని వాళ్లాయనతో మోయించింది. మాంసం వద్దంటే పుట్టగొడుగులు, చిక్కుడు గింజలు, టోస్టు రెట్టింపు వడ్డించి, అడక్కుండానే ఇంకో కెటిల్ టీ పెట్టింది. ప్రతి వాక్యం చివరా ‘పెట్’. అక్కడి జోర్డీ యాసలో సగం నాకు అందలేదు, ఆవిడ నవ్వుతోనే నెట్టుకొచ్చాను. 1928 నాటి టైన్ బ్రిడ్జి, పడవలొస్తే ఒరిగి దారిచ్చే మిలీనియం బ్రిడ్జి పక్కపక్కనే ఉన్నాయి, సాయంత్రం నడకకు బాగుంటాయి. 1835లో తెరిచిన గ్రెయింజర్ మార్కెట్‌లో చవగ్గా తినొచ్చు.

ఇక ఐర్లండ్. డబ్లిన్‌లో తియ్యటి మాటలు ఎక్కువ, పని తక్కువ. అక్కడ గుంపులో ఆడవాళ్లున్నా అందరూ ‘లాడ్స్’ (కుర్రాళ్లు). మా హోటల్ గదిలో హీటరు పనిచేయడం లేదని చెబితే, ‘గ్రాండ్, లాడ్స్, నో బాదర్’ (సరే, దానిదేముంది) అన్నాడు రిసెప్షన్ కుర్రాడు. రాత్రి దాకా ఎవరూ రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే మళ్లీ అంతే ప్రేమగా ‘గ్రాండ్’! కోట్లు తొడుక్కునే పడుకున్నాం. అద్దె న్యూకాజిల్‌కు రెట్టింపు. ఊళ్లో తిరగడానికి మాత్రం లీప్ కార్డు (డబ్బు వేసి వాడే ప్రయాణ కార్డు) కొనండి. దాంతో 2 యూరోల టికెట్ మీద 90 నిమిషాల పాటు బస్సులూ ట్రాములూ మారొచ్చు.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి కార్క్‌కు రైల్లో సుమారు రెండున్నర గంటలు. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే మన పేరే సీటు పైన తెర మీద కనిపిస్తుంది. మా ఇంటిపేరు వెలుగుతుంటే ఈయన ఫొటో తీసుకున్నాడు. 1788 నుంచీ నడుస్తున్న ఇంగ్లిష్ మార్కెట్ కోసమైనా ఈ ఊరు వెళ్లాలి. చేపల కొట్టాయన ‘ఏం కావాలి, గర్ల్?’ అన్నాడు. నాకు 58 ఏళ్లు! పక్కనున్న ఈయన ‘బాయ్’. ఆ మాట వాళ్ల నోట ‘బై’లా వినిపిస్తుంది. ఎలా వండుతావని అడిగాడు. పులుసు అంటే ఏమిటో చెప్పాను. అయితే తలకాయ పారేయకూడదన్నమాట అని, పొలుసు గీకి, ముక్కలు కోసి, ఇంకో చేప తల కూడా ఊరికే వేసి ఇచ్చాడు.

అందుకే కార్క్‌లో హోటల్ కంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. నది దగ్గరే చూసుకోండి, సెయింట్ పాట్రిక్స్ హిల్ లాంటి నిట్టనిలువు వీధుల్లో సామానుతో ఎక్కలేం. అక్టోబరు చివర జాజ్ ఉత్సవం జరుగుతుంది. అప్పుడు వెళ్లేవాళ్లు గది ముందే బుక్ చేసుకోవాలి.