108 కిలోల బావకి లావు టైర్ల ఛార్జింగ్ సైకిల్: ఏది మేలు?

మా బావకి 63 ఏళ్లు, బరువు 108 కిలోలు, కుడి మోకాలు అరిగింది. ఊరు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో. ఇంటి నుంచి రొయ్యల గుంటలకి 7 కిలోమీటర్లు. అందులో నాలుగు తారు రోడ్డు, రెండు గ్రావెల్, చివరిది గుంటల కట్ట మీద ఇసుక. ఇన్నాళ్లూ టీవీఎస్ ఎక్సెల్ మీద తిరిగాడు. కాళ్లకి పని చెప్పమని, సైకిల్ తొక్కమని డాక్టరు అన్న రోజే మా అక్క ఎక్సెల్ తాళం దాచేసింది.

"ఒరే, ఇసుకలో దిగబడకూడదు, నా బరువుకి ఆగాలి, బాగా పవర్ ఉండాలి. చూసి చెప్పు" అన్నాడు బావ. సైకిళ్ల పిచ్చి ఉన్నది ఇంట్లో నాకొక్కడికే కాబట్టి పని నా నెత్తిన పడింది.

చివరికి మూడు మిగిలాయి. ఒకటి, డాలస్ నుంచి మా మేనల్లుడు చెప్పింది: అవెంటాన్ అవెంచర్, 26 అంగుళాల చక్రం, 4 అంగుళాల టైరు, 750 వాట్ల మోటారు. రెండు, ఈమోటోరాడ్ డూడుల్ తరహాలో మధ్యకి మడిచే 20 అంగుళాల లావు టైర్ల బండి, మోటారు 250 వాట్లు. మూడు, అదే 250 వాట్లతో, మడవని గట్టి ఫ్రేముతో వచ్చే 26 అంగుళాల బండి. పాత హెర్క్యులెస్‌కి మోటారు కిట్ బిగిద్దామని ఒక మెకానిక్ కూడా అన్నాడు. రాడ్ బ్రేకులతో 108 కిలోలని 25 స్పీడులో ఆపడం ఎలాగో ఆలోచించుకుని నేనే వద్దన్నా.

కాగితం మీద చూస్తే అమెరికా బండిదే గెలుపు. 400 పౌండ్లు, అంటే 181 కిలోల దాకా మోస్తుందని కంపెనీ రాసింది. బావ ఎక్కి, వెనక మేత బస్తా వేసినా ఇంకా ఖాళీ మిగులుతుంది. "వచ్చేటప్పుడు పెట్టెలో వేసుకొస్తా మామయ్యా" అన్నాడు మేనల్లుడు. ఫ్రేము సంగతేమో గానీ బ్యాటరీని విమానం ఎక్కనివ్వరు. ప్రయాణికుడి సామానులో 160 వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటుకి కొలత) దాటిన లిథియం బ్యాటరీకి అనుమతి లేదు, ఈ బండిది దానికి నాలుగు రెట్ల పైనే.

అంతకంటే పెద్ద చిక్కు చట్టంతో. 750 వాట్ల లోపు మోటారు ఉన్నదాన్ని అమెరికా సైకిల్‌గానే లెక్కేస్తుంది. మన దగ్గర ఆ గీత 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు. ఆ లోపుంటే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. దాటితే అది మోటారు వాహనం. ఆ మోడల్‌కి ఇక్కడ ఆమోదం లేకపోతే నంబరు ప్లేటు రాదు, ప్లేటు లేనిదానికి ఇన్సూరెన్స్ రాదు. 63 ఏళ్ల మనిషి ఆ బండితో ఎవరినైనా గుద్దితే గుంట అమ్ముకోవాలి. మన బండ్లకే డిస్‌ప్లేలో ఒక సెట్టింగ్ మార్చి స్పీడు పెంచే చిట్కాలు చెబుతుంటారు, వాటికీ ఇదే మాట.

ఇంతకీ బావకి నిజంగా ఎన్ని వాట్లు కావాలి? మనిషి 108, బండి 30, మొత్తం 138 కిలోలు. వంద మీటర్లకి నాలుగు మీటర్లు లేచే ఎత్తు మీద, అంటే ఓ మోస్తరు ఫ్లైఓవర్ మీద, గంటకు 12 కిలోమీటర్ల చొప్పున ఎక్కడానికి 180 వాట్లు. టైరు రాపిడికి ఇంకో 70 వేసుకోండి. 250 అయింది. కాళ్లతో ఓ 50 వాట్లు కలిపితే మోటారుకి ఊపిరాడుతుంది. మా డెల్టాలో అంతకు మించిన ఎత్తు కాలవ కట్ట ఎక్కేటప్పుడే, అదీ పది గజాలు. ఇసుకలో మాత్రం లెక్క తప్పుతుంది. మూడో రకం బండి ఒకటి తెలిసినవాళ్ల దగ్గర అడిగి కట్ట మీద తోలి చూశాం. మొదటి గేరులో తొక్కుతూ ఉంటే మనిషి నడిచే వేగానికి కాస్త ఎక్కువగా పోయింది, ఆగలేదు. తొక్కడం మానేసి థ్రాటిల్ (హ్యాండిల్ మీది యాక్సిలరేటర్) ఒక్కటే తిప్పితే మూలిగింది. చక్రం మధ్యలో ఉండే హబ్ మోటారు నెమ్మదిగా తిరుగుతూ భారీ లోడు లాగితే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. అలా పదే పదే చేస్తే లోపల వైండింగ్ (రాగి తీగ చుట్ట) మాడుతుంది.

అదే ఉదయగిరి వైపో, గిద్దలూరు నల్లమల వైపో ఉండేవాళ్లకి నేనీ సలహా ఇవ్వను. వందకి పది మీటర్లు లేచే ఎత్తులో ఇదే బరువుకి గంటకు 10 కిలోమీటర్లు పోవాలన్నా 400 వాట్ల పైమాటే. పెడల్ దగ్గర మోటారు ఉండే మిడ్ డ్రైవ్ బండి గేర్లు వాడుకుని ఎక్కుతుంది గానీ ధర ఎక్కువ, చైను తొందరగా అరుగుతుంది. బరువైన మనిషి, పైగా మెట్ట ప్రాంతం అయితే రిజిస్ట్రేషన్ ఉన్న ఎలక్ట్రిక్ స్కూటరే హాయి.

మడత బండి సంగతి. కారు డిక్కీలో పడుతుంది, చక్రం చిన్నది కాబట్టి ఎత్తు తక్కువ, కాలు వేయడం సులువు. 75 కిలోల మనిషికి నేనూ అదే చెబుతా. బావకి ఎందుకు వద్దన్నానంటే, చిన్న చక్రం కాబట్టి సీటు రాడ్డునీ హ్యాండిల్ రాడ్డునీ పొడుగ్గా బయటికి లాగాలి. బరువంతా ఆ పొడుగు రాడ్డు మీదా, నడుమ ఉన్న మడత కీలు మీదా పడుతుంది. గ్రావెల్ మీద రోజూ కుదుపులకి కీలు కాస్త కాస్త వదులవుతుంది.

షాపులో "120 కిలోలు మోస్తుంది సార్" అంటే సరిపోదు, ఆ 120లో బండి బరువు కలిసిందా అని అడగాలి. కలిపే చెప్పి, బండి 28 కిలోలైతే, మనిషికి మిగిలేది 92. ఈ ప్రశ్నకి ముగ్గురు సేల్స్ కుర్రాళ్లలో ఒక్కడే మాన్యువల్ తెరిచి చూశాడు.

బ్రేకులు హైడ్రాలిక్ డిస్కువే తీసుకోండి, ఈ బరువుకి వైరు బ్రేకులైతే చేతులు నొప్పి పెడతాయి. వెనక చక్రానికి లావు పుల్లలు (స్పోక్స్) ఉండాలి. ఫ్రేము నడుమ కడ్డీ కిందికి వంగి ఉంటే మోకాలి మనిషి కాలు ఎత్తి తిప్పే పని ఉండదు.

తొక్కుతున్నామని కనిపెట్టి మోటారుకి చెప్పే సెన్సార్ దగ్గర మాత్రం అందరూ చెప్పేదానికి నేను అడ్డం. టార్క్ సెన్సార్ మేలంటారు, నిజమే, పెడల్ ఎంత నొక్కితే అంత సాయం, కుదుపు లేకుండా. కానీ నొక్కితేనే కదా! మోకాలు అరిగిన మనిషి నొక్కలేకనే కదా మోటారు కొంటున్నది. పెడల్ తిరిగితే చాలు మోటారు అందుకునే చవక రకం, దానికి తోడు థ్రాటిల్ ఉన్నదే బావకి కుదిరింది. ఆగిన చోట నుంచి థ్రాటిల్‌తో కదిలి, తర్వాత తొక్కుతాడు.

బ్యాటరీ: బావ బరువుకీ, ఇసుకకీ, సాయంత్రం ఎదురొచ్చే గాలికీ కలిపి కిలోమీటరుకి 20 వాట్-అవర్లు వేసుకున్నాం. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లంటే 360. అంటే 18 కిలోమీటర్లు. రానూపోనూ 14. కొత్తలో సరిపోతుంది, రెండేళ్లకి బ్యాటరీ తగ్గాక తిరుగు దారిలోనే ఆగిపోతాం. అందుకే 48 వోల్టులు, 15 ఆంపియర్-అవర్లది, 720 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న మూడో రకమే కొన్నాం. మే నెల ఎండలో నుంచి రాగానే ఛార్జింగ్ పెట్టొద్దని, చల్లారాక పెట్టమని అక్కకి చెప్పా. బావకి చెప్పి లాభం లేదు.

కొన్న రెండో వారం పంక్చర్ షాపు కుర్రాడు మామూలు సైకిల్ అలవాటున కంప్రెసర్‌తో 40 పీఎస్‌ఐ దాకా గాలి కొట్టేశాడు. టైరు పక్కన అచ్చు వేసి ఉన్నది 5 నుంచి 30. గ్రావెల్ మీద బావ బంతిలా ఎగిరి రెండు రోజులు నడుము పట్టుకుని కూర్చున్నాడు. ఇసుకకి 12, తారుకి 22 బాగుంటుంది గానీ రోజూ గాలి తీసి మళ్లీ కొట్టుకునే ఓపిక ఎవరికుంది? 15 దగ్గర రాజీ పడ్డాం.

టైరు లావుగా ఉంటే ముళ్లు దిగవనుకుంటారు. పల్లేరుకాయ ఒకటి అరచేతిలో వేసుకుని చూడండి, ఎటు తిప్పినా ఒక ముల్లు పైకే నిలబడి ఉంటుంది. కట్ట పొడవునా అవే, పక్కన సర్కారు తుమ్మ. వెనక చక్రం విప్పాలంటే మోటారు వైరు పీకాలి, అది మా ఊళ్లో ఎవరూ చేయరు. బండిని పక్కకి పడుకోబెట్టి, టైరు ఒక అంచు మాత్రం రిమ్ము నుంచి లాగి, ట్యూబుని అక్కడికక్కడే బయటికి తీసి ప్యాచ్ వేయొచ్చు. నేను చూపిస్తే బావ మూడోసారికి నేర్చుకున్నాడు. 26 బై 4 ట్యూబు దగ్గర్లో ఏ షాపులోనూ దొరకలేదు. రెండు ఆన్‌లైన్‌లో తెప్పించి, ఒకటి సీటు కింద సంచీలో పెట్టా. రెండోది అక్క దాచింది, ఎక్సెల్ తాళం పక్కనే.